ఊరికే ఇచ్చిన పుస్తకం వెనకాల వచ్చే ఉత్తరాలు

నెల రోజుల టిఫిన్ల పట్టిక. ఏడాదిలోపు పాపాయికి ఏం పెట్టాలి. ఇంటి ఖర్చులు రాసుకునే పుస్తకం. బ్లౌజు కటింగుకి కొలతల చార్టు. ఇలాంటివి ఊరికే ఇస్తామంటే తీసుకోకుండా ఉంటామా? పేరు రాసి, ఈమెయిల్ అడ్రసు కొట్టి, బటన్ నొక్కితే చాలు, పీడీఎఫ్ వచ్చి పడుతుంది. నేనూ బోలెడు తీసుకున్నాను. వాటిలో కొన్ని నిజంగా పనికొచ్చాయి కూడా. మా ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కూరల పట్టిక అలా వచ్చిందే. నా పేచీ అంతా దాని వెనకాల మర్నాటి నుంచి వరస కట్టే ఉత్తరాలతో.

మీకూ వచ్చే ఉంటాయి. మొదటిరోజు "మా కుటుంబంలోకి స్వాగతం". రెండోరోజు పంపినావిడ జీవితకథ. నాలుగోరోజు "తల్లులందరూ చేసే మూడు పెద్ద పొరపాట్లు". ఆరోరోజు ఎవరెవరో మెచ్చుకుంటూ రాసిన మాటలు. ఏడోరోజు అసలు సంగతి బయటపడుతుంది: 4,000 రూపాయల కోర్సు ఈ రాత్రి 12 గంటలదాకా 900కే! అన్నిటిలోనూ మనల్ని పేరుపెట్టి పిలుస్తారు, చిన్నప్పటినుంచీ ఎరిగున్నట్టు. మనం ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్ళం కదా, ఆ సంగతి యంత్రానికి తెలీదు. మా స్నేహితురాలి ఇంటిపేరు పిండిప్రోలు. ఆవిడకి వారానికి మూడుసార్లు "ప్రియమైన పిండిప్రోలూ, ఈ రోజు ఏం వండుతున్నావు?" అని ఉత్తరం వస్తుంది. వాళ్ళాయన అదే మాట పట్టుకుని ఇప్పటికీ పిలుస్తున్నాడు.

ఈ ఉత్తరాలు మనకోసం ఎవరో కూచుని రాసినవి కావని చెప్పక్కర్లేదు. అయిదారు ఉత్తరాలు ఒక్కసారి రాసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టేస్తారు. ఎవరు ఏ రోజు పీడీఎఫ్ తీసుకుంటే వాళ్ళకి ఆ రోజునుంచి లెక్క మొదలు. మీకు ఇవాళ నాలుగో ఉత్తరం, నాకు ఇవాళ మొదటిది. ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్ని డ్రిప్ అంటారు. బత్తాయి తోటలకి వేసుకునే డ్రిప్పులాంటిదే, చుక్కచుక్కగా వదలడం. ఊరికే ఇచ్చే పుస్తకాన్ని లీడ్ మాగ్నెట్ అంటారు, కొనేవాళ్ళని లాగే అయస్కాంతమన్నమాట. ఆ లెక్కన మనం ఇనుపరజను.

చాలా ఉత్తరాల్లో కంటికి ఆననంత చిన్న బొమ్మ కూడా ఒకటి ఉంటుంది. ఉత్తరం తెరవగానే అది వాళ్ళ కంప్యూటర్ నుంచి దిగుతుంది, దాంతో మనం తెరిచామన్న సంగతి వాళ్ళకి చేరిపోతుంది. తెరిచినవాళ్ళకి ఒక వరస ఉత్తరాలు, తెరవనివాళ్ళకి ఇంకో వరస. ఆపిల్ ఫోన్లలో 2021 నుంచి దీన్ని తికమకపెట్టే ఏర్పాటు వచ్చింది. జీమెయిల్ వాడేవాళ్ళు సెట్టింగుల్లోకి వెళ్ళి, బయటి బొమ్మలు చూపించేముందు నన్నడుగు అని పెట్టుకోవచ్చు. ఒక్క నిమిషం పని. ఉత్తరం కాస్త బోసిగా కనిపిస్తుంది, అంతే.

ఊరికే ఇచ్చి సరుకు అమ్ముకోవడం కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో టైర్లు అమ్మే మిషెలిన్ అన్నదమ్ములు 1900లోనే కార్లవాళ్ళకి దారులూ హోటళ్ళూ చెప్పే పుస్తకం ఊరికే పంచారు. కార్లు తిరిగితే టైర్లు అరుగుతాయి గదా మరి! మన ఇళ్ళల్లో కుక్కరు కొంటే అట్టపెట్టెలోనే వంటల పుస్తకం వచ్చేది. అయితే ఆ పుస్తకాలు ఇచ్చి ఊరుకునేవి. కుక్కరు కంపెనీవాడు నాలుగోరోజు తలుపుతట్టి "మొన్న పప్పు వండారా లేదా" అని అడిగిన పాపాన పోలేదు.

ఈమెయిల్‌తో వ్యాపారం చేసేవాళ్ళు గౌరవంగా తలుచుకునే సేత్ గోడిన్ అనే అమెరికా ఆయన 1999లో పర్మిషన్ మార్కెటింగ్ అని ఓ పుస్తకం రాశాడు. అడక్కుండా మీదపడొద్దు, అనుమతి తీసుకుని, వాళ్ళు ఎదురుచూసే సంగతే రాయమన్నది అందులో సారం. మంచి మాటే. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? టిఫిన్ల పట్టికకి ఇచ్చిన అనుమతిని బరువు తగ్గే పొడికీ, పిల్లల కోడింగు క్లాసుకీ, ఇన్సూరెన్సుకీ కూడా ఇచ్చినట్టే లెక్క రాసేసుకుంటున్నారు. పెళ్ళికి పిలిస్తే వచ్చినవాళ్ళు మన ఇంట్లో కాపురం పెట్టినట్టుంది.

అలాగని పుస్తకం ఇచ్చాక అసలు ఉత్తరమే రాయకూడదని నేననను. అమ్ముకునేవాళ్ళు మళ్ళీ వచ్చి పలకరించడం మనకి అలవాటున్నదే. మా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊరికి మంగళగిరి చీరలు మూటగట్టుకుని ఒకావిడ వచ్చేది. వచ్చీరాగానే మూట విప్పేది కాదు. అరుగు మీద కూచుని, మంచినీళ్ళు తాగి, "మొన్న తీసుకున్న ఆకుపచ్చది ఉతికారా? రంగు దిగిందా?" అని అడిగేది. దిగిందంటే ఎన్నిసార్లు ఉప్పునీళ్ళలో నానబెట్టాలో చెప్పేది. ఆ తరవాతే కొత్త చీరల మాట. ఈమెయిల్‌వాళ్ళ భాషలో చెప్పాలంటే ఫాలో అప్ అదే. ఎంత బాగా చేసేదంటే, ఆవిడ రాని నెల మా నాయనమ్మ "ఏమిటో, ఒంట్లో బాగాలేదేమో" అని ఆరా తీసేది.

మా తాతయ్య పోయిన నాలుగోరోజు ఆ సంగతి తెలియక వచ్చింది. వీధిలో బెంచీలు, ఇంటినిండా మనుషులు, చూడగానే అర్థమైపోయింది. మూట ఎదురింటి అరుగు మీద పెట్టేసి, ఉత్త చేతుల్తో లోపలికొచ్చి, నాయనమ్మ పక్కన ఓ గంట కూచుని వెళ్ళిపోయింది. ఆ తరవాత రెండు నెలలు వచ్చిందిగానీ మా ఇంట్లో మూట విప్పలేదు. నాయనమ్మకి బాకీ గుర్తుచెయ్యనూ లేదు. ఆవిడ చదువుకోలేదు. వ్యాపారం ఎప్పుడు ఆపాలో మాత్రం గుమ్మం చూసి తెలుసుకునేది.

ముందే రాసిపెట్టిన ఉత్తరానికి గుమ్మం కనపడదు. నా బాధంతా అక్కడే.

మా బంధువులమ్మాయి ఒకతె నెల తప్పగానే గర్భిణుల వారపట్టిక ఒకటి ఊరికే ఇస్తున్నారని తీసుకుంది. దాంతోపాటు ప్రతి మంగళవారం ఉత్తరం. ఈ వారం బుజ్జాయి రేగుపండంత, ఈ వారం నిమ్మకాయంత, ఈ వారం వంకాయంత. మొదట్లో మురిసిపోయి అందరికీ చదివి వినిపించేది. అయిదో నెలలో కడుపు నిలవలేదు. పుట్టింట్లో మంచం మీద పడుకునుంటే మంగళవారం ఠంచనుగా ఫోన్ మోగింది. బుజ్జాయి ఇప్పుడు మీ మాటలు వింటోంది, పాట పాడండి అని. వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని దిండుకింద పెట్టింది. ఆపుదామంటే ఎక్కడ నొక్కాలో దొరకలేదు. అట్టడుగున తెల్లకాగితం మీద లేతబూడిదరంగు అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది ఆ మాట. అది నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. లోపలికెళ్ళాక, ఎందుకు మానేస్తున్నారో కారణం ఎంచుకోమంది. ఇచ్చిన కారణాల్లో ఆ పిల్ల కారణం లేదు. చివరికి వాళ్ళాయన ఆ అడ్రసునుంచి వచ్చేవన్నీ వాటంతటవే చెత్తబుట్టలోకి పోయేటట్టు చేశాడు. అయినా మరో సంవత్సరానికి ఇంకేదో అడ్రసునుంచి "మొదటి పుట్టినరోజుకి ఏం కొంటున్నారు" అని వచ్చింది. మొదటివాళ్ళు ఆ పిల్ల అడ్రసు ఇంకెవరికో ఇచ్చారన్నమాట.

ఇది ఆ అమ్మాయి ఒక్కదాని గొడవ అనుకోకండి. 2018 డిసెంబరులో అమెరికాలో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో పనిచేసే జిలియన్ బ్రోకెల్ అనే ఆవిడ, బిడ్డ చనిపోయి పుట్టిన కొద్దిరోజులకే టెక్ కంపెనీలన్నిటికీ ఒక బహిరంగలేఖ రాసింది. నేను కడుపుతో ఉన్నానని కనిపెట్టేంత తెలివి మీకున్నప్పుడు, నా బిడ్డ పోయాడని తెలుసుకునే తెలివి ఎందుకు లేదు అన్నది ఆవిడ అడిగిన ప్రశ్న. ఆవిడని వెంటాడిన వాటిల్లో ప్రకటనలతోపాటు, మీ బిడ్డ పేరు నమోదు పూర్తిచెయ్యండి అనే ఈమెయిల్ కూడా ఉంది. ఆ లేఖ ప్రపంచమంతా తిరిగింది.

ఏం చెయ్యొచ్చు అంటే, పెద్ద విద్యేం కాదు. ఇంగ్లండులో పూలు అమ్మే బ్లూమ్ అండ్ వైల్డ్ అనే కంపెనీ 2019లో, మదర్స్ డే ముందు, ఈ పండగ ఉత్తరాలు మీకు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి, మిగతావి మామూలుగానే వస్తాయి అని ఖాతాదార్లని అడిగింది. అమ్మ లేనివాళ్ళు, బిడ్డ లేనివాళ్ళు నొక్కుకున్నారు. కారణం చెప్పక్కర్లేదు. గర్భిణులకి వారంవారం రాసేవాళ్ళు ప్రతి ఉత్తరంలో, అడుగున కాదు, పైనే ఒక్క వాక్యం పెట్టడానికి ఏం కష్టం? "ఈ ఉత్తరాలు ఇక వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి, ఏమీ అడగం." అంతేగా.

పసిపిల్లల ఆహారపట్టికలు ఊరికే ఇచ్చేవాళ్ళ గురించి ఇంకో మాట. పాలడబ్బాలు, పాలసీసాలు, రెండేళ్ళలోపు పిల్లల డబ్బా ఆహారం అమ్ముకోవడం కోసం గర్భిణులని గానీ పసిబిడ్డల తల్లులని గానీ సంప్రదించకూడదని మన దేశంలో 1992 నుంచీ చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. శాంపిళ్ళు, బహుమతులు ఇవ్వడం కూడా నిషేధమే. ఆ చట్టం చేసేనాటికి మన ఇళ్ళల్లో ఈమెయిల్ లేదు కాబట్టి వాళ్ళ మనసులో ఉన్నది ఆసుపత్రి వార్డులో చక్కర్లు కొట్టే ఏజెంట్లు. కానీ సంప్రదించడమంటే సంప్రదించడమే, వార్డులోకొచ్చినా ఇన్‌బాక్స్‌లోకొచ్చినా. కాబట్టి పట్టిక తీసుకునేముందు అది ఎవరిస్తున్నారో, చివరి పేజీలో ఏ డబ్బా బొమ్మ ఉందో చూడండి.

ఇక ఆ "రాత్రి 12 గంటలదాకా" సంగతి. మా పిండిప్రోలు స్నేహితురాలూ నేనూ ఒకే కోర్సువాళ్ళ పట్టిక పది రోజుల తేడాలో తీసుకున్నాం. ఆవిడకీ ఆ రాత్రే ఆఖరు, పది రోజుల తరవాత నాకూ ఆ రాత్రే ఆఖరు. గడియారం మనిషిమనిషికీ విడిగా తిరుగుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇలాంటి మాయలు 13 రకాలు ఎంచి నిషేధించింది. వాటిల్లో మొట్టమొదటిది ఈ దొంగ తొందరే. మనల్ని చిన్నబుచ్చి ఒప్పించడం కూడా అందులో ఉంది. "వద్దు, నా పిల్లల ఆరోగ్యం నాకు ముఖ్యం కాదు" అని రాసి ఉన్న బటన్ నొక్కితే తప్ప బయటికి పోనివ్వరు చూడండి, అది. తల్లులకి అపరాధభావం అమ్మడం చాలా తేలిక. మనం దాన్ని అడక్కుండానే తెచ్చుకుంటాం.

2023లోనే మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకి కంపెనీలకి 18 నెలల గడువిచ్చారు. అందులో మనకి కావలసినవి మూడు సంగతులు. ఏ పనికి అడ్రసు అడుగుతున్నారో ఆ పనికే మన సమ్మతి చెల్లుతుంది. ఇచ్చినంత తేలిగ్గా ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలి, అంటే ఒక్క నొక్కుతో ఇచ్చినదాన్ని పాస్‌వర్డులూ ప్రశ్నలూ పెట్టి తిప్పించకూడదు. మూడోది నాకు బాగా నచ్చింది: దేనికి అడుగుతున్నారో చెప్పే ఆ నోటీసు, కావాలంటే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ 22 భాషల్లో ఒకటి. తెలుగు వంటల పట్టిక తెలుగు ఆడవాళ్ళకి ఇస్తూ షరతులు మాత్రం ఇంగ్లీషులో పెట్టేవాళ్ళు ఇకనైనా మారతారేమో చూడాలి.

చట్టం పనిచేసేలోగా మన జాగ్రత్త మనది. మనలో చాలామందికి ఉన్నది ఒక్కటే ఈమెయిల్, అదీ ఏ కొడుకో ఫోన్ కొన్నప్పుడు పెట్టిచ్చింది. బడి ఫీజు, బ్యాంకు, పాసుపోర్టు, గ్యాసు, అన్నీ దాంట్లోకే. అందులో రోజుకి 40 ఉచిత సలహాలు వచ్చిపడితే బడినుంచి వచ్చిన ఉత్తరం అడుక్కి పోతుంది. ఇలాంటి పుస్తకాలకి విడిగా ఇంకో అడ్రసు పెట్టుకోండి. అంత ఓపిక లేకపోతే, జీమెయిల్‌లో మీ పేరు తరవాత ప్లస్ గుర్తు వేసి ఓ మాట చేర్చి ఇవ్వొచ్చు, వంట అనో కుట్టు అనో. ఉత్తరం మీకే వస్తుంది. రేపు బరువు తగ్గే పొడివాడు ఆ అడ్రసుకే రాస్తే, మిమ్మల్ని అమ్ముకున్నది వంటలావిడే అని తెలిసిపోతుంది! కొన్నిచోట్ల ఆ గుర్తుని ఒప్పుకోరు, అప్పుడు వాళ్ళ పుస్తకం లేకపోతే మనకి గడవదా అని ఓసారి ఆలోచించుకోండి.

స్పామ్ అన్న మాట నొక్కేముందు మాత్రం ఎవరిని నొక్కుతున్నామో చూడమని నా మనవి. 2024 నుంచి గూగుల్, రోజుకి 5,000కి పైన జీమెయిల్ అడ్రసులకి ఉత్తరాలు పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో ఆపుకునే ఏర్పాటు ఇచ్చి తీరాలనీ, రెండు రోజుల్లో ఆపెయ్యాలనీ నియమం పెట్టింది. వెయ్యిమందిలో ముగ్గురు స్పామ్ అని నొక్కితే చాలు, వాళ్ళ ఉత్తరాలు దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద కంపెనీలు ఎలాగో తట్టుకుంటాయి. ఇంట్లో కూచుని పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఆవిడ తట్టుకోలేదు. మనం కోరి తీసుకున్నదైతే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కడం మర్యాద. ఎన్నడూ ఎరగనివాడు రాస్తే మాత్రం ఆ ఉత్తరంలో దేన్నీ నొక్కకుండా స్పామ్‌లోకి తొయ్యడమే.

అమ్ముకునేవాళ్ళ వైపునుంచి కూడా ఓ మాట చెప్పాలి. మా ఆడపడుచు కూతురు విజయవాడలో ఉంటుంది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుకునే కాగితాలు తయారుచేస్తుంది. 14 పేజీలు ఊరికే ఇస్తుంది, పూర్తి పుస్తకం అమ్ముతుంది. ఎవరో దానికి, పేజీలు తీసుకున్నవాళ్ళకి తొమ్మిది రోజుల్లో తొమ్మిది ఉత్తరాలు పంపాలని నేర్పారు. "అత్తయ్యా, ఓసారి చదివి చెప్పు" అని పంపింది. అయిదో ఉత్తరంలో "మీ బిడ్డ మాతృభాషకి దూరమైతే బాధ్యత ఎవరిది?" అని ఉంది. అది చదవగానే నాకు ఒళ్ళు మండింది. అమెరికాలో పొద్దున ఆరింటికి లేచి ఇద్దరు పిల్లల్ని బడికి పంపి ఉద్యోగానికి పోయే పిల్లని పట్టుకుని ఆ మాట అనొచ్చా? ఇద్దరం ఫోన్లో ఓ పూట వాదించుకున్నాం. అన్ని ఉత్తరాలు పంపకపోతే ఎవరూ కొనరంటుంది. అది చెప్పేదాంట్లోనూ నిజముంది, ఒక్క ఉత్తరంతో కొనేవాళ్ళు తక్కువే.

చివరికి మూడింటికి వచ్చాం. మొదటిదాంట్లో పేజీలు పైనే ఉంటాయి, కథలేమీ ఉండవు, ఇంకా రెండు ఉత్తరాలు వస్తాయని, వద్దంటే ఇప్పుడే ఆపుకోవచ్చని ఉంటుంది. రెండోది పది రోజులకి. ప్రింటు తియ్యడానికీ, పిల్లాణ్ణి కూచోబెట్టడానికీ ఆమాత్రం టైము పడుతుంది, మూడోరోజే అడిగితే ఎవరేం చెప్తారు? "ఏ అక్షరం దగ్గర ఆగిపోయారు?" అన్నది ఒక్కటే ప్రశ్న, జవాబు రాస్తే నేరుగా దానికే చేరుతుంది. మూడోది నెలకి. పుస్తకం ఉంది, ధర ఇంత, కావాలంటే తీసుకోండి, ఇక రాయను.

తొమ్మిది పంపితే ఇంకో నలుగురు కొనేవారేమో, నాకు దాంతో వాదన లేదు. రెండో ఉత్తరానికి మాత్రం జవాబులు వచ్చాయి. 'ఋ' దగ్గర, 'ఖ' దగ్గర, తలకట్టు ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియక. డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిన అమ్మమ్మగారు ఒకావిడ, అయిదేళ్ళ మనవడికి గళ్ళు ఇరుకైపోతున్నాయి, పళ్ళెంలో బియ్యం పోసి రాయిస్తే బాగానే రాస్తున్నాడు, కాస్త పెద్ద గళ్ళు వెయ్యి తల్లీ అని రాసింది. ఇది పేజీకి ఆరు గళ్ళని నాలుగు చేసింది. పేజీలు పెరిగాయి, ప్రింటు ఖర్చు పెరిగింది, ధర పెంచాలా వద్దా అని నిన్న మళ్ళీ ఫోన్ చేసింది.